ఎస్తేరక్క అడిగిన కరెంటు

తడి గుడ్డకి బూడిద అంటుకుంటే ఒక వాసన వస్తుంది. పొయ్యి ఆర్పాక వచ్చే వాసన కాదు, ఇంకాస్త ఘాటు. ఈ ఉదయం గుంట గట్టు మీద, బొగ్గు కరెంటు కేంద్రం నుంచి వచ్చి సోలార్ పలకల మీద పడిన బూడిద తుడుస్తుంటే ఆ వాసనే ముక్కుకి తగిలింది. నిన్న ఫోన్లో శ్రావ్య అడిగిన మాట గుర్తొచ్చింది. బొగ్గు కాల్చడం వల్ల లోకమంతా వేడెక్కిపోతోందని వాళ్ళ టీచరు చెప్పిందట. "మరి మీ ఊరివాళ్ళు ఆ బొగ్గు కరెంటు వద్దని ఎందుకనరు అమ్మమ్మా?" అంది. పూణేలో ఉన్న మీకు ఫోన్లో రెండు మాటల్లో చెప్పగలిగేది కాదమ్మా ఇది. ఎస్తేరక్క గురించి చెబితేగానీ తెలియదు.

తోటపల్లి గూడూరు దగ్గర ఎస్తేరక్కకి రొయ్యల గుంటలుండేవి. మీ తాత సముద్రం మీదకి చేపల వేటకి వెళ్ళేవాడు, నేను ఆమె గుంటల్లో మేత చల్లేదాన్ని. ఆదివారం చర్చికి పోయే ముందు కూడా ఎస్తేరక్క గట్టు మీద ఒక చుట్టు తిరిగి, నీళ్ళలో చెయ్యి పెట్టి చూసి వెళ్ళేది. ఒక వేసవిలో ఆ నీళ్ళు మరీ వెచ్చగా తగిలాయి. నీళ్ళు వేడెక్కితే వాటిలో గాలి నిలవదు, రొయ్యలకి ఊపిరాడదు. అందుకని నీళ్ళు చిలికే చక్రాలు ఇంకాసేపు తిప్పాలి. లైను కరెంటుంటే దూరాన కనిపించే ఆ కరెంటు కేంద్రం పొగగొట్టాల కింద బొగ్గు మండాలి, లేకపోతే మన షెడ్డులో జనరేటర్లో డీజిల్ మండాలి. "ఎండ ముదిరిందని చక్రాలు తిప్పతా ఉండాం. చక్రాలు తిప్పేదానికి పొగ పెడతా ఉండాం. ఆ పొగకి ఎండ ఇంకా ముదరతా ఉంది. దీనికి అంతు యాడుందిమే?" అంది నాతో.  ఆ ఏడే ఆమె సోలార్ పలకలు పెట్టించింది. పగలు వాటితో, రాత్రి లైను కరెంటుతో నడిపేది. అంతటితో ఆగక జనరేటర్ అమ్మేసింది. ఉంటే చెయ్యి దానిమీదకే పోతుందని ఆమె భయం. కొన్నది పక్క గుంటల పెంచలయ్య. ముసురు పడితే ఏం చేస్తావక్కా అని అతను టీ కొట్టు దగ్గర అందరి ముందూ అడిగితే, నీ పొగ నా గుంట మీదకి రాకుండా చూసుకో చాలు అనేసింది.

ముసురు పట్టనే పట్టింది. వాయుగుండం గాలికి విడవలూరు వైపు స్తంభాలు పడిపోయాయని, లైను ఎప్పుడొస్తుందో చెప్పలేమని కబురొచ్చింది. తెల్లవారినా వెలుగు రాలేదు. పలకల మీద వాన నీళ్ళు తప్ప ఏమీ లేదు. చక్రాలు కదలడం లేదు. రొయ్యల పంట పట్టి అమ్మాల్సిన సమయం అది. నేను గట్టు మీదకి వెళ్ళేసరికి అంచు వెంబడి నీళ్ళు చిన్నగా ఉడుకుతున్నట్టు కదులుతున్నాయి. రొయ్యలు పైకి తేలుతున్నాయి. ఎస్తేరక్క చూసింది. కొంగు నడుముకి దోపి, పెంచలయ్య షెడ్డు వైపు నడిచింది. నేను వెనకాలే పరుగెత్తాను. పంట పోతే ఆమె గుంటలు పోతాయి. గుంటలు పోతే మా పొయ్యిలూ ఆరిపోతాయి.

షెడ్డులో అతని జనరేటర్ మోగుతోంది. ఆమె అమ్మినది మూలన పట్టా కప్పుకుని ఉంది. పెంచలయ్య చేతులు గుడ్డకి తుడుచుకుంటూ ఉండిపోయాడు. ఆ తుడవడం ఎంతకీ అయ్యేలా లేదు.

"మా పొగ నీకు పడదు గదక్కా," అన్నాడు.

"పడదబ్బయా. ఈ పొద్దు కూడా పడదు," అంది ఎస్తేరక్క. "అయినా కావాల. అడగతా ఉండా, ఇయ్యి."

అతను ఆమె మొహంలోకి చూశాడు. అక్కడ ఏం కనిపించిందో తెలియదు. పట్టా లాగేసి, కేబుల్ పట్టుకోమని మనుషుల్ని కేకేశాడు. చక్రాలు తిరిగేదాకా ఎస్తేరక్క గట్టు మీద నిలబడే ఉంది, వానలో, తల మీద కొంగైనా కప్పుకోకుండా. ఒక మూల రొయ్యలు చచ్చిపోయాయి. మిగిలినవి మెల్లగా అడుక్కి దిగాయి. చచ్చినవాటిని బుట్టల్లోకి ఎత్తుతూ నేను ఏడ్చాను. ఆమె ఏడవలేదు.

ముసురు విడిచాక పెంచలయ్య వచ్చి, ఇంక ఆ అద్దాలు పీకి కోళ్ళ గూటికి కప్పుకోమన్నాడు. ఆమె అప్పటికే తడి గుడ్డతో పలకలు తుడుస్తోంది. "నిన్న నన్ను కాపాడింది నీ డీజిలే. ఊరంతా చెప్పుకో, కాదనను. అంతమాత్రాన పొగ మంచిదైపోద్దా?" అంది. జనరేటర్ మళ్ళీ తనే కొనుక్కుంది. అవసరం పడిన రోజున నడిపేది, నడిపిన రోజున నడిపానని చెప్పేది. పెంచలయ్య పలకలైతే పెట్టలేదు. కానీ ఆమె పలకల మీద నీడ పడుతోందని తన గట్టు మీది సరుగుడు కొమ్మలు కొట్టించాడు. కొట్టించినట్టు ఎవరితోనూ అనలేదు.

ఎస్తేరక్క పోయాక ఆమె గుంటలు నేను చూసుకుంటున్నాను. శ్రావ్యా, మేము ఆ బొగ్గు కరెంటు వద్దనకపోవడం దాని చెడు తెలియక కాదమ్మా. నేను నీతో మాట్లాడే ఫోనుకి ఛార్జింగ్ ఎక్కేదీ ఆ కరెంటుతోనే. కావాలని ఒప్పుకుంటూనే, మంచిది కాదని కూడా చెప్పగలగాలి. ఆ రెండు మాటలూ ఒకే నోటితో అనడం నేను ఆ షెడ్డులో విన్నాను.

ఈ పూట మళ్ళీ తూర్పున మబ్బు పట్టింది. జనరేటర్లో డీజిల్ ఉందో లేదో చూసుకున్నాను. గుడ్డ పిండుకుని, మిగిలిన పలకలు తుడవడానికి మళ్ళీ గట్టెక్కాను.