ఓవెన్‌లో తిప్పిన విత్తనం జొన్నలు

మా అత్త చేతి నుంచి నా చేతికొచ్చిన పచ్చజొన్న విత్తనాన్ని నేనే చంపాను. పురుగును చంపబోయి దాన్ని చంపాను.

ఐరాల పక్కన మా చేను. చుట్టుపక్కల ఇప్పుడంతా మామిడే, ఆ జొన్న ఎవరూ వేయరు. ఏటా బూడిద, వేపాకు కలిపి కుండలో దాచేదాన్ని. నిరుడు మోకాళ్ల నొప్పులని బద్ధకించి, ఉత్త ప్లాస్టిక్ డబ్బాలో పోసి మూత పెట్టాను. మొన్న తీస్తే లోపలంతా ముక్కుపురుగు.

కూతురు ఏర్పేడు దగ్గర ఒక క్యాంటీన్‌లో వంట చేస్తుంది. అది కొనిచ్చిన మైక్రోవేవ్‌లోనే గెనుసుగడ్డలు ఉడికిస్తుంటాను. ఫోన్ చేసి అడిగాను.

“గిన్నెలో పోసి ఒక్క నిమిషం తిప్పు మా. పురుగంతా సచ్చిపోతాది.”

తినే జొన్నలనుకుంది అది. విత్తనమని నేను చెప్పలేదు. అరవై దాటాక మనవరాలి పలక మీద అంకెలు నేర్చిన దాన్ని. ఒకటికన్నా మూడు గట్టిదని మూడు నొక్కాను. గిన్నె తర్వాత గిన్నె, డబ్బా మొత్తం తిప్పేశాను. చెరిగితే చచ్చిన పురుగులు రాలాయి. మా ఆయనకు గొప్పగా చూపించాను కూడా.

వాన పడింది. విత్తే ముందు మేము గుప్పెడు గింజలు తడిగుడ్డలో కట్టి మొలక చూస్తాం. మూడోనాడు విప్పితే పులిసిన సంగటి వాసన. ఒక్క మొలక లేదు. మళ్లీ కట్టాను. మళ్లీ అదే.

“విత్తనాన్ని ఉడకబెట్నావు గదమే,” అన్నాడు మా ఆయన. “ఇంక కూరొండు. కలుపుకోని తిందాం.”

ఆడబిడ్డ ఊరికి పరుగెత్తాను. రెండేళ్ల కిందట ఆమెకు శేరు గింజలిచ్చాను.

“యాడుండాయి వదినా? కోళ్లకేసేసినా. మీ ఇంట్లో ఉండాయి గదా అనుకుంటి.”

తిరిగొచ్చేసరికి మా గుమ్మం మీద పిచ్చుకలు. ఏటా మొదటి కంకులు గుమ్మానికి కట్టి వాటికే వదులుతాం. మా ఆయన స్టూలు పట్టుకుంటే ఎక్కి ఆ కుచ్చు విప్పాను. అంతా పొట్టే. గోటితో గీరి గీరి చూస్తే పదకొండు గింజలు దొరికాయి.

“తడిగుడ్డలో కట్టి సూద్దామా?” అన్నాను.

“ఇంక సూసేదేముండాది? మన్నులో పెట్టు.”

వాకిట్లో పాత బేసిన్‌లో మట్టి పోసి పెట్టాను. అప్పట్నించీ మా ఆయన కట్టె పట్టుకుని దాని పక్కనే కూర్చుని పిచ్చుకలను తోలుతున్నాడు. ఏటా పిలిచి మేపిన పిచ్చుకలను.

ఇవాళ్టికి ఆరు రోజులు. మట్టి అట్లే ఉంది.