తోసినవాడే ఎత్తుకోవాలి

మా అమ్మాయికి బాస్కెట్‌బాల్ కొందామని వెళ్లి, బంతిని ముక్కు దగ్గర పెట్టుకున్నాను. ఆ కొత్త రబ్బరు వాసనకు చిన్నప్పుడు కువైట్‌లోని హవల్లీలో మేమున్న బిల్డింగ్ సెల్లారు గుర్తొచ్చింది.

ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చి స్కూళ్లు మూతపడ్డ రోజులవి. నాకు మాత్రం అవి సెలవులే. సెల్లారులో పైపుకు అడుగు ఊడిన బకెట్ కట్టి పిల్లలమంతా ఆడేవాళ్లం. మా పక్క ఫ్లాట్‌లో ఉండే రాయచోటి ఖాదర్ మామ రిఫరీ. విజిల్ వేస్తే వీధిలోని సైనికులు దిగొస్తారని, ఫౌలైతే తువ్వాలు ఊపేవాడు.

నేను అందరికన్నా పొట్టి. బంతి నా చేతికొస్తే చాలు, పై ఫ్లాట్ శీనన్న నవ్వుతూ తోసేసేవాడు. ఫౌలైందని, ఎవరూ అడ్డురాకుండా బంతి వేసే ఫ్రీ త్రో మామ నాకే ఇచ్చేవాడు కానీ, నేనేస్తే బంతి బకెట్ దాకా పోతేగా! ఒకరోజు ఏడుపొచ్చేసింది.

“తోసినోళ్లకే లాభం మామా! నాకొద్దీ ఆట.”

మామ తువ్వాలు భుజాన వేసుకున్నాడు. “ఒరే శీనూ, పడేసినోడే పైకెత్తాల. యల్లా, కానీయ్, పాపను బుజాల మీద ఎక్కించుకో.”

“ఇదేం రూలు మామా?”

“నా రూలు. ఖలాస్!”

శీనన్న భుజాల మీంచి వేస్తే బంతి బకెట్లో పడింది. ఆ తర్వాత నన్ను ఎవరూ తోయలేదు. ఎత్తుకుంటారన్న ఆశతో నేనే వెళ్లి వాళ్లకు తగులుకునేదాన్ని.

కడపకొచ్చేసి స్కూల్లో చేరాక, ఆటలో ఒకమ్మాయి నన్ను పడేసింది. నేను లేచి, దుమ్ము దులుపుకుని, ఎత్తుకొమ్మని ఆమె ముందు రెండు చేతులూ చాచి నిలబడ్డాను. గ్రౌండంతా నవ్వింది.

ఆ రూలు మా సెల్లారు దాటి ఎక్కడా లేదని నాకు తెలిసింది అప్పుడే.