ఓబుళేశు పైకెక్కించిన పైపు

కోయిలకుంట్లలో బోరు మోటారు కాలిపోతే జనం ఓబుళేశుకు ఫోను చేస్తారు. మీసం మొలవని వయసు నుంచీ అతను మోటార్లు పైకి లాగి, బాగుచేసి, మళ్లీ కిందికి దింపుతున్నాడు. యాభైకి దగ్గర పడ్డాక కార్ల మీద మనసు పోయింది. షెడ్డు ముందు ‘కార్ల మెకానిక్’ అని బోర్డు రాయించాడు. జనం ఆ బోర్డు కిందికే మోటార్లు తెచ్చి పడేసి పోయేవాళ్లు. ఒక్క బండి బాగా కుదిరితే చాలు, ఊరు తనను కార్లవాడిగా ఒప్పుకుంటుందని అతని ఆశ.

చివరికి శనగల వ్యాపారి సుంకప్ప తన జీపు తోలుకొచ్చాడు. వాళ్ల నాయన కొన్న బండి. ఎగువ అహోబిలం ఘాటు ఎక్కేటప్పుడు ఆయాసపడుతోందట.

“టర్బో పెడితే ఎగిరిపోతాదప్పా,” అన్నాడు ఓబుళేశు. కడపలో పాత సామాన్ల అంగడికి పోయి, టర్బో తెచ్చి బిగించాడు.

టర్బో అంటే పొగ ఊపుకు గిర్రున తిరుగుతూ ఇంజనుకు గాలి ఎక్కించే చక్రం. అది అరిగిపోకుండా సన్న పైపులోంచి నూనె వస్తుంది. పని అయిన నూనె అడుగునుంచి లావు పైపులో ఇంజన్ కింది తొట్టిలోకి దిగిపోవాలి. దిగే దారిలో ఒక ఇనుప పట్టీ అడ్డమొచ్చింది. ఓబుళేశు జంకలేదు. పైపును పట్టీ మీదుగా పైకెక్కించి, అవతల దించి, ముచ్చటగా క్లిప్పులు వేశాడు. నీళ్లు తమంతట తాము పారడం అతను పెద్దగా చూసినవాడు కాదు. మోటారు తోస్తే పాతాళం నుంచైనా వస్తాయి, గుట్టయినా ఎక్కుతాయి. ఇంజనుకూ పంపు ఉంది కదా.

బండి స్టార్టు చేసి, సుంకప్పను ఎక్కించుకుని బజారులోకి తెచ్చాడు. కాసేపటికి వెనక గొట్టంలోంచి నీలం పొగ లేచి బస్టాండును కమ్మేసింది.

“ఏమప్పా ఓబుళేశూ, దోమలకు మందు కొడ్తాండావా?” అని టీ అంగట్లోంచి పరమేష్ అరిచాడు. “మా సందులోకి గూడా రాప్పా, శానా ఉండాయి!”

సుంకప్ప మొహం వాడిపోయింది. నలుగురూ చూస్తున్నారు. ఓబుళేశు నోట్లోంచి, తనను అడక్కుండానే, ఒక మాట వచ్చేసింది: “ఇంజన్ లోపల రింగులు అరిగిపోయి నూనె తాగుతాంది. పాతదైపోయింది గదా.”

“అయితే ఇంగ లాభం లేదులే. పాతినుముకు ఇచ్చేస్తా,” అని సుంకప్ప జీపు బానెట్ ఒకసారి నిమిరి వెళ్లిపోయాడు.

సాయంత్రం షెడ్డుకు వలి సాహెబ్ వచ్చాడు. లారీల పనిలో తల నెరిసిన మనిషి. జీపు కిందికి వంగి చూశాడు.

“ఈ పైపు పైకెందుకు ఎక్కింది?”

“పంపు తోస్తాది గదా సాహెబూ.”

“టర్బోలోకి వచ్చేదాకానే తోస్తాది. బయటపడేటప్పటికి నురగైపోయి ఉంటాది. దాన్ని తోసేవాళ్లు యాడుండారు? దానంతట అదే కింద పడల్ల. దారి లేకుంటే టర్బోలోనే నిలబడి పొగగొట్టంలోకి కారుతాది.” ఆ మాట చెప్పి, ఇంకెవరితోనూ అననని కూడా చెప్పి, వెళ్లిపోయాడు.

ఓబుళేశు పట్టీ పక్కకు జరిపాడు. పైపును పొట్టిగా, నిట్టనిలువుగా, తొట్టిలో నూనె మట్టానికి పైగా కలిపాడు. గొట్టంలో మిగిలిన నూనె కాలిపోయేదాకా ఇంజన్ తిప్పాడు. పొగ ఆగిపోయింది. అతని ప్రాణానికి మాత్రం ఊరట లేదు. ఏదో కొత్త రింగులేశానని చెబితే పరువు నిలుస్తుంది.

మరునాడు సుంకప్ప పాతినుము గిడ్డయ్యను వెంటబెట్టుకొచ్చాడు. గిడ్డయ్య జీపు చుట్టూ తిరుగుతూ టైర్లను కాలితో తన్ని చూస్తున్నాడు. పరమేష్ కూడా టీగ్లాసుతో వచ్చి నిలబడ్డాడు.

“గిడ్డన్నా, తన్నొద్దు,” అన్నాడు ఓబుళేశు. “రింగులు బానే ఉండాయి సుంకప్పా. పైపు నేనే తప్పు ఏసినా. నిన్న అబద్ధం చెప్పినా.”

పరమేష్ టీ తాగడం మరిచిపోయాడు. సుంకప్ప గిడ్డయ్యను పక్కకు జరగమన్నాడు. తర్వాత స్టీరింగు ముందు కూర్చుని, “ఎక్కు,” అన్నాడు. “అహోబిలం పోదాం. పొగొచ్చిందంటే నువ్వే దిగి తోయల్ల.”

ఘాటు పొడవునా ఓబుళేశు కిటికీలోంచి తల బయటపెట్టి వెనక గొట్టాన్నే చూశాడు. కొండలు చూడలేదు, అడవి చూడలేదు. ఎదురొచ్చిన బస్సు డ్రైవరు తిట్టిన తిట్టూ వినలేదు. జీపు ఆయాసపడకుండా ఎక్కింది. పొగ రాలేదు. కానీ పైన దిగేసరికి అతని మెడ పట్టేసింది. నరసింహస్వామికి పక్కచూపుతోనే దండం పెట్టాడు.

పూజారి వింతగా చూశాడు.

“మా కార్ల మెకానిక్ లే సామీ,” అన్నాడు సుంకప్ప. “మెడ రోజూ ఇట్లుండదు.”