మొదటి మ్యాచ్‌లో ఓడినవాడు మా బావ

నిన్న సాయంత్రం విజయనగరంలో రెజ్లింగ్ షో జరిగింది. ఈ రోజు పొద్దున్న టీ కొట్టు దగ్గర అందరూ విమర్శకులే. మాస్క్ వేసుకున్నవాడి ఆఖరి మ్యాచ్ అదిరిపోయిందట. మొదటి మ్యాచ్ మాత్రం శుద్ధ దండగట. అందులో ఓడిపోయిన మా బావ నా పక్కనే, టోపీ కళ్ళ మీదకి లాక్కుని టీ తాగుతున్నాడు.

"ఆ లోకలోడు ఏట్రా, రింగులో వంగి దండమెడతన్నాడు! ఒక్క తన్నుకే పడిపోనాడు!" అని ఒకాయన పగలబడి నవ్వాడు.

మా బావ చిన్నప్పట్నుంచీ తాలింఖానాలో, అదే మా మట్టి గోదాలో, కుస్తీ పట్టినవాడు. బరిలోకి దిగేముందు అక్కడి మట్టి నుదుటికి రాసుకుంటాడు. పై ఊళ్ళో కుస్తీకి వెళ్ళినా ఆ మట్టి చిటికెడు మూటకట్టి తీసుకెళ్తాడు. నిన్న మాత్రం ఉత్త చేత్తో రింగులో పరిచిన గుడ్డను తాకి మొక్కాడు. వంగినవాణ్ణి వంగినట్టే తన్నాడు ఎదటివాడు. జనం ఒకటే ఈలలు.

నాకు ఒళ్ళు మండిపోయింది. కొట్టు దాటాక అడిగాను.

"ఏటి బావా, మట్టి మర్సిపోనావా?"

"మర్సిపోడమేటి! 'నువ్వు దండమెట్టినప్పుడే ఆడు తన్నుతాడు, జనం నవ్వుతారు' అని షోవోళ్ళు ముందే సెప్పీసారు. అందుకే మట్టి అట్టుకెళ్ళలేదు. ఒట్టి గుడ్డకి మొక్కీసేను."

షో చూసినవాళ్ళు ఏ మ్యాచ్ బాగుందో, ఏది దండగో కింద రాయండి. మొహమాటపడకండి. మా బావ కూడా చదువుతాడు.