అట్టలు మార్చిన విప్లవం

ఆ రోజుల్లో నాకు గడ్డం ఉండేది, గడ్డంతోపాటు సిద్ధాంతమూ ఉండేది. రెండింటిలో ఏది ముందు మొలిచిందో ఇప్పుడు చెప్పలేను. తిరుపతి హాస్టల్లో టీ మీద టీ తాగుతూ, ఈ దేశంలో అధికార యంత్రాంగాన్ని కూకటివేళ్లతో పెకలిస్తే తప్ప పేదవాడికి దారి లేదని తేల్చేసిన వాళ్లలో నేనొకణ్ణి. (నా వాదనకు తట్టుకోలేక ఇద్దరు గది ఖాళీ చేసి వెళ్లిపోయారు. వాళ్లకు చదువు అయిపోయింది కాబట్టి వెళ్లారని మా అమ్మ అంటుంది, నమ్మకండి.) తీరా పరీక్ష రాస్తే ఆ యంత్రాంగంలోనే జూనియర్ అసిస్టెంటుగా ఉద్యోగం వచ్చింది, నగరి వైపు ఒక చిన్న మండలాఫీసులో. బస్సెక్కించేటప్పుడు మా నాయన ఒకటే అన్నాడు: "పెకలించేదేదో మొదటి జీతం తీసుకున్నాక పెకలించు నాయనా."

అంతవరకు ఆగలేకపోయాను. ఆ ఆఫీసులో ఫైళ్ల అవతారం అట్లా ఉండేది. ఒక అట్ట మీద సెనిక్కాయల చట్నీ మరక, ఇంకోదాని మీద కాఫీ లోటా గుండ్రం, మరొకటి మూలన ఎలుక కొరికింది. పేదవాడి అర్జీకి ఇదా మర్యాద? రెండో శనివారం సెలవునాడు తాళం తీయించుకుని, స్టోరు గదిలో మూలుగుతున్న కొత్త తెల్లట్టలు దించి, సాయంత్రానికల్లా ఒంటిచేత్తో ఐదువందల ఫైళ్లకు అట్టలు మార్చేశాను. (రెండొందలే అని మా అటెండరు వాదన. ఆయనకు ఎంచడం రాదు.) పాత అట్టలు బస్టాండు దగ్గర బోండాల అంగడికి ఇచ్చేశాను. కొత్త వాటి మీద పేర్లూ నంబర్లూ సోమవారం తీరిగ్గా రాద్దామనుకున్నాను.

సోమవారం పొద్దున అటెండరు (ఆఫీసంతా ఆయన్ను రిజిస్టరప్ప అనేవాళ్లు) బీరువా తెరిచి అట్లే నిలబడిపోయాడు.

"ఎవురప్పా ఈ పని చేసింది?"

"నేనే. శుభ్రంగా ఉండాయి గదా."

"శుభ్రంగానే ఉండాయి. చట్నీ మరక యాడ పోయింది?"

అప్పుడు తెలిసింది నాకు, ఆ ఆఫీసుకు మరకలే రిజిస్టరని. కాఫీ గుండ్రం అంటే చెరువు తగాదా. ఎలుక కొరికింది అంటే కరణంగారి పట్టా. చట్నీ అంటే నేతపని చేసే ఒకాయన కూతురి కుల సర్టిఫికెట్టు. ఆ నేతాయన కూతుర్ని వెంటబెట్టుకుని అప్పటికే గుమ్మంలో నిలబడి ఉన్నాడు. "నాలుగు నెల్లుగా తిరగతా ఉండాం సార్. సోమవారం రాండి, ఇచ్చేస్తామన్న్యారు. రేప్పొద్దున తిరుపతిలో కౌన్సెలింగు. కాయితం లేకుంటే పాపకు సీటు లేదంట."

మేమంతా తెల్లట్టల మధ్య కూర్చుని ఒక్కో కాగితమూ చదవడం మొదలుపెట్టాం. ఆ పిల్ల కూడా ఒక కట్ట ముందేసుకుంది.

"అన్నా, మీరేం చదివినారు?"

"రాజనీతి శాస్త్రం."

"అదా," అని మళ్లీ వెతకడంలో పడింది.

పన్నెండయినా ఫైలు దొరకలేదు, అట్టలు మార్చేటప్పుడు నా చేతుల్లోనే కాగితాలు కలిసిపోయినట్టున్నాయి. తహసీల్దారు మేడంకు చెప్పక తప్పలేదు. ఫైలు పోయిందని కలెక్టరాఫీసుకు తెలిస్తే ఏమవుతుందో ఆవిడ ముఖంలోనే కనబడింది. "కొత్త అర్జీ రాయించండి," అంది. మరి వీఆర్వో రిపోర్టు? ఆయన కిటికీ దగ్గరే టీ తాగుతున్నాడు.

"ఏమప్పా, ఈయన్ను ఎరగవా?"

"మా ఎదురింటాయనే గదా మేడం."

"మరి నాలుగు నెల్లు ఏం చేసినావు?"

"ఫైలు నా దాకా రావల్ల గదా మేడం."

సంతకం పెట్టాల్సిన ఆర్‌ఐ పక్క బల్ల దగ్గరే ఉన్నాడు. నేతాయన సంచీలోంచి పెద్దకొడుక్కి అదే ఆఫీసు ఇచ్చిన సర్టిఫికెట్టు తీశాడు. నాలుగు నెలలు తిరిగిన పని నలభై నిమిషాల్లో అయిపోయింది. తండ్రీకూతుళ్లు రెండు గంటల బస్సెక్కారు, సీటూ వచ్చింది.

మర్నాడు నా బల్ల ముందు బారు కట్టారు జనం. ముందున్న అవ్వ గొంతు తగ్గించి అంది: "సామీ, ఆ నేతాయనకు చేసినట్టే, నా ఫైలు కూడా రవంత పోగొట్టవా."

ఇప్పుడు నేను సూపరింటెండెంటుని. గడ్డం లేదు. అట్టలన్నిటికీ నంబర్లున్నాయి, అన్నీ కంప్యూటరులోనూ ఉన్నాయి. మొన్న ఒక పెద్దాయన ఐదోసారి వచ్చాడు. ఫైలు ఎంత భద్రంగా ఉందో తీసి చూపించాను. ఆయన ఫైలునూ చూశాడు, నన్నూ చూశాడు, చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. ఆ గడ్డపోడు ఉండుంటే, ఈపాటికి దాన్ని ఎక్కడో పోగొట్టి ఉండేవాడు.