ప్రేమమ్మ చేతుల మీది మచ్చలు

మా తమ్ముడు పేతురు బెల్లంపల్లిల బొగ్గుబాయి పని చేసేటోడు. వాని పెండ్లాం ప్రేమమ్మ. మా చర్చిల ప్రభు భోజనానికి రొట్టె చేసుడు ఏండ్ల సంది ఆమె పనే. పిండి తనే జల్లించి, పాట పాడుకుంట చేసేది.

పంతొమ్మిది వందల ఎనభై నాలుగుల ఆమె చేతుల మీద తెల్లమచ్చలు లేచినయి. "జర ఆరాం తీసుకో బిడ్డా" అనుకుంట పాస్టరమ్మ రొట్టె పని తీసేసుకున్నది. పెద్దరోగమని ఎవ్వలు మొఖం మీద అనలే. అనకుండ అనుడు మావోళ్లకు బాగ వచ్చు.

నేనే దవాఖానకు తోల్కపోయిన. డాక్టరు మచ్చ మీద సూదితోని గుచ్చితే, అబ్బా అని చెయ్యి గుంజుకున్నది. "నొప్పి తెలుస్తున్నది, కుష్ఠు కాదమ్మా. ఇది బొల్లి, ఎవలకు అంటదు" అన్నడు. పూతమందు రాసిచ్చి, కొంచెమే రాసుకొని పొద్దటి ఎండల కొద్దిసేపే కూసోమన్నడు. నెలలు పడ్తది, ఓపిక పట్టాలె అన్నడు.

ఓపిక పడితే ఆమె ప్రేమమ్మ ఎందుకైతది? ఈస్టర్ రొట్టె తన చేతులతోనే చెయ్యాలని ఆమె ఆశ. మందు దట్టంగ పూసుకొని, పొద్దు నడినెత్తికొచ్చేదాక ఎండల కూసున్నది. రెండు చేతులు బొబ్బలెక్కి పుండ్లయినయి.

"నీకేమన్న పిచ్చా?" అని తిట్టిన.

"జల్ది మానుతదనుకున్న వదినె" అన్నది.

పుండ్లు చూసినంక, ఇది పెద్దరోగమేనని మావోళ్లు ఖాయం చేసుకున్నరు. డాక్టరు మాట ఇల్లిల్లు తిరిగి చెప్పిన. అందరు తలూపిన్రు, ఒక్కలు నమ్మలే. చెవిటోని ముందు శంఖం ఊదినట్టే అయింది. చెప్పి చెప్పి నాకే యాష్టకొచ్చింది.

ఈస్టర్ నాడు రొట్టె పాస్టరమ్మే చేసింది. మా దగ్గర ద్రాక్షరసం అందరు ఒక్క గిన్నెల్నే తాగుతరు. ప్రేమమ్మ కూసున్న కాడికెల్లి లేవలే. అందరు తాగినంక ఆఖరుకు పోయి తాగింది. తాగి, గిన్నె పాస్టరయ్య చేతికియ్యలే. బయట నల్లా కాడికి తీసుకపోయి, గా పుండ్ల చేతులతోనే బూడిద పెట్టి తోముతున్నది.

నాకు కోపం, ఏడుపు రెండు వచ్చినయి. "నువ్వెందుకు తోముతున్నవే?" అన్న.

"నేనిటు తిరగంగనే వాళ్లెట్లయిన తోముతరు వదినె" అన్నది. "గది చూసుడు నాతోని కాదు."