నేలపాలు

దొంగ అని నలుగురి ముందూ అనిపించుకున్న రోజున ఖాతూన్‌బీ ఏడవలేదు. మట్టిలోకి ఇంకిపోతున్న పాలను చూసింది. తన చెంబును బోర్లించిన అలీ అహ్మద్ చేతిని చూసింది. రెండు చేతులూ కొంగుకు తుడుచుకుంది. అప్పటికే ఎక్కడినుంచో కుక్కలు వచ్చి నేలను నాకుతున్నాయి.

“నా చెంబులో పాలు నేలపాలు చేచ్చివి గదరా అలీ. నీ పాలు గూడా ఇట్లే నేలపాలయితాయి. అది ఈ కండ్లతో చూసినాకనే నేను సచ్చేది” అంది.

అలీ పాల షెడ్డు గేటు దాటి, రోడ్డుకు అవతల ఉన్న తన ఇంట్లోకి పోయి తలుపు వేసుకుంది. మా వీధి ఆడవాళ్లం గడపల్లో నిలబడి ఇదంతా చూశాం. ఎవరం నోరు తెరవలేదు. మాలో సగం మంది మొగవాళ్లు ఆ షెడ్డులోనో, ఆ షెడ్డు వ్యానులోనో పనిచేస్తున్నారు మరి.

ఆమె పెళ్లయి ఈ వీధికి వచ్చిన కాలంలో ఎనుము, అంటే గేదె, లేని ఇల్లు లేదు. జమ్మలమడుగు దాటి పెన్న గట్టు వెంబడి వస్తే తగిలే నల్లరేగడి ఊరు మాది. అప్పట్లో ఏ చేలో చూసినా జొన్నే. జొన్న కోస్తే చొప్ప ఇల్లు చేరేది. చొప్ప ఉంది కాబట్టి ప్రతి ఇంట్లో ఒక ఎనుము, దాని పక్కన ఒక దూడ. తర్వాత రైతులంతా శనగకు తిరిగారు. శనగ మనిషికి అన్నం పెట్టింది గానీ పశువు నోటికి పిడికెడు మేత పెట్టలేదు. చొప్పను లారీల్లో తెప్పించి కొనుక్కోవలసిన రోజులు వచ్చాక ఒక్కో ఇంటి పశువుల గాడి ఖాళీ అవుతూ వచ్చింది.

ఖాతూన్‌బీ మొగుడు ఫకీర్ సాహెబ్ దూది ఏకి పరుపులు కుట్టేవాడు. ఆ దుమ్ముకే ఊపిరి చెడి, కొడుకు ఫరూఖ్ ఇంకా నిక్కర్లలో ఉండగానే పోయాడు. పాలు పిండడం తప్ప ఆమెకు వేరే పని తెలియదు. తన్నే ఎనుములు, మొండి ఎనుములు, దూడ చచ్చిపోయి చన్ను ముట్టనివ్వని ఎనుములు ఎవరింట్లో ఉన్నా ఆమెకు కబురు వచ్చేది. ఆమె వచ్చీరాగానే పొదుగు కిందికి కూర్చునేది కాదు. ముందు డొక్క మీద అరచెయ్యి వేసి నిలబడేది. “ఏమ్మే, ఏమయిందే నీకు, ఎండకు తాళలేకుండావా?” అని మనిషిని పలకరించినట్టే పలకరించేది. దాని ఊపిరి నెమ్మదించాకే కూర్చునేది. ఇంకొంచెం సేపటికి పొదుగు నిండి, చన్నులు సాగి, పాలు చేపేవి. గిన్నెలో మొదటి ధారల చప్పుడు నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది.

అలీ అహ్మద్ వాళ్లమ్మ మెహబూబున్నీసాకు అప్పట్లో రెండు ఎనుములు. వాటిని పిండింది ఖాతూన్‌బీయే. పిండడం అయ్యాక చెంబెడు పాలు ఆమె చేతికి ఇచ్చి గానీ మెహబూబున్నీసా పంపేది కాదు. “పిండిన చెయ్యి ఉత్త చెయ్యిగా పోగూడదు” అనేది. అలీ చిన్నప్పుడు ఖాతూన్‌బీ ఒళ్లో కూర్చుని, చన్ను నుంచి నేరుగా నోట్లోకి పాలధార కొట్టించుకునేవాడు. సొంత పిన్నిని పిలిచినట్టు ఖాలా, ఖాలా అని కొంగు వదిలేవాడు కాదు.

పెద్దయ్యాక అతడు కువైట్ పోయి ఏళ్ల తరబడి లారీ తోలాడు. తిరిగి వచ్చాక ఇంకెవరి కిందా చెయ్యనని పాల వ్యాపారం పెట్టాడు. రేకుల షెడ్డు లేచింది. మేత లేక అమ్ముకుంటున్న మా ఎనుములన్నీ అతడే కొన్నాడు. పులివెందుల బేరగాడి ద్వారా బయటి జాతి ఎనుములను లారీల్లో దించాడు. వీధిలో ఎనుములున్న ఇళ్లు తగ్గిపోయాయి, ఎనుములు మాత్రం తగ్గలేదు. అన్నీ ఒకే కప్పు కిందికి చేరాయి. పొద్దున ఒక వ్యాను, సాయంత్రం ఒక వ్యాను నిండా క్యాన్లతో ప్రొద్దుటూరు టీ అంగళ్లకు పోయేవి. మందలో సగాన్ని, అందులోనూ కష్టమైన సగాన్ని, ఖాతూన్‌బీ పిండేది. మెహబూబున్నీసా బతికి ఉన్నంతకాలం చెంబెడు పాలూ ఆగలేదు. ఆమె పోయాక కూడా ఖాతూన్‌బీ ఆ అలవాటు ప్రకారమే చెంబు తీసుకుపోయేది.

మెహబూబున్నీసా పోయిన తర్వాతి ఎండాకాలం పాలు తగ్గాయి. పెన్నలో నీటి చుక్క లేదు, పచ్చిమేత లేదు. రేకుల కింద ఎనుములు నాలుకలు చాపి రొప్పేవి.

“రేకుల మింద చొప్ప పరిపించు అలీ. మద్దేనం పూట వాటి మింద నీళ్లు కొట్టించు. కాగిపోతాండాయి” అంది ఖాతూన్‌బీ.

“కువైట్‌లో ఇంతకన్నా ఎండ ఖాలా. ఆడ పశువులు పాలిచ్చల్యా?”

“ఆడ సంగతి నాకేం తెలుసు. ఈడ మాత్రం ఫ్యాను కింద ఉండేది నువ్వొక్కనివే.”

పనివాళ్లు నవ్వారు. అలీ నవ్వలేదు. మరుసటి వారం, ఎనుముకు పాలు బలవంతంగా చేపించే సూదిమందు తెచ్చాడు. సూది పొడిచిన ఎనుమును ముట్టనని ఖాతూన్‌బీ మొండికేసింది. “దీనికి మరిగిందంటే ఇంగ సూది లేకుండా చేపదు. పాలు గాదు నువ్వు పిండుకునేది, దాని పానం” అంది. షెడ్డు లెక్కలు చూసే బావమరిది నయీం అదను చూసి అలీ చెవిన వేశాడు. “పాలు తగ్గింది ఎండకు గాదు బావా. దినామూ చెంబుల్లో పోతాండాయి.”

ఆ సాయంత్రమే చెంబు బోర్లించడం, దొంగ అనడం.

తర్వాత కొన్నాళ్లకు పాలు పిండే మిషన్ దిగింది. ఖాతూన్‌బీ తన అరుగు మీద చాప వేసుకుని, వక్కాకు నములుతూ చూసింది. రోజూ రెండు పూటలా ఆమెకు అదే పని అయింది. మిషన్ శబ్దానికి ఎనుములు బెదిరి గుంజలు పీకినంత పని చేశాయి. నెమ్మదైనవి కొన్ని ఇచ్చాయి. ఆమె చేతికి అలవాటు పడ్డవి పాలు ఎగబట్టాయి. సూది వేస్తే చేపినవి కూడా సగంలోనే ఆపేశాయి. వ్యానులోకి ఎక్కే క్యాన్లు తగ్గుతూ వచ్చాయి. అవి తగ్గిన కొద్దీ ఆమె ముఖం విప్పారింది. కువైట్‌లో పనిచేస్తున్న ఫరూఖ్ భార్య, కోడలు తస్లీమాను పిలిచి, “సేమియా పాయసం చెయ్యిమే. బెల్లం బాగా ఎయ్యి” అంది ఒకరోజు. పండగేం లేదు. వ్యాను సగం ఖాళీగా పోయింది, అంతే.

అలీ చేతితో పిండేవాళ్ల కోసం వెతికాడు. అతడు పోయే గడపకల్లా అతని కంటే ముందు ఖాతూన్‌బీ పోయింది. చర్చి వీధిలో ఉండే ఆనందమ్మ ఈ పక్క ఊళ్లలో ఆమె తర్వాత అంత చెయ్యి తిరిగిన మనిషి.

“నువ్వు పోతావా ఆనందమ్మా?”

“నా ఇంట్లో గూడా పొయ్యి మండాల గదక్కా.”

“మండాల. కాదన్ను. ఈ పొద్దు నన్ను దొంగ అన్యాడు. రేపు నీ చెంబు యాడ బోర్లిచ్చాడో చూసుకోని పో.”

ఆనందమ్మ పోలేదు. ఇంకెవరూ పోలేదు. అలీ ప్రొద్దుటూరు నుంచి ఇద్దరు మొగవాళ్లను తెచ్చాడు. వాళ్లలో ఒకడిని చుక్క తన్నింది. చుక్క అంటే నుదుట తెల్లమచ్చ ఉన్న ఎనుము, మెహబూబున్నీసా ఎనుముకు పుట్టినదే. పెయ్యదూడగా ఉన్నప్పటినుంచి ఖాతూన్‌బీ చేతి గడ్డి తిన్నది. మణికట్టు విరిగినవాణ్ణి ఆటోలో జమ్మలమడుగు ఆసుపత్రికి తీసుకుపోతుంటే, ఖాతూన్‌బీ అరుగు దిగి రోడ్డు మధ్యకు వచ్చి మరీ చూసింది. “చుక్కా, నా తల్లీ!” అని షెడ్డు వైపు చూసి గట్టిగా అరిచింది. అలీకి వినపడాలనే.

కానీ ఆ మరుసటి రోజు నుంచి చుక్క అరవడం మొదలుపెట్టింది. అది మేత కోసం అరిచే అరుపు కాదు. పొదుగు రాయిలా గట్టిపడి, కాలు కాలుకు తగలకుండా ఎడంగా పెట్టుకుని, గేటు వైపు మెడ చాచి అరిచేది. దాన్ని విని ఇంకో నాలుగైదు అందుకునేవి. పాలు పొదుగులో నిలిచిపోతే పశువు పడే బాధ ఖాతూన్‌బీకి చెప్పవలసిన పని లేదు. మొగుడి కాలం నాటి దూది ఇంట్లో ఇంకా ఉంది. అది చెవుల్లో పెట్టుకుని పడుకుంది. అన్నం మాత్రం ముట్టలేదు.

“అత్తా, నువ్వు పగబట్టింది ఎవురి మింద?” అంది తస్లీమా.

“వాని మిందనే.”

“మరి యాతన పడేది ఎవురు?”

ఆ సాయంత్రం అలీ అహ్మద్ ఆమె గడపలోకి వచ్చి నిలబడ్డాడు. గడ్డం మాసి ఉంది.

“ఖాలా...”

“ఎవురికి ఖాలా? దొంగా అని పిలువు. ఆ పొద్దు నోరారా పిలిచ్చివి గదా.”

“తప్పయింది. డాక్టరు వచ్చి చూసినాడు. చేత్తో పూర్తిగా పిండకపోతే పొదుగులు పోతాయంటాండు. వచ్చి పిండు ఖాలా, నీకు ముందిచ్చేదానికి రెండింతలు ఇచ్చా.”

ఖాతూన్‌బీ లేచి నిలబడింది. “నీ దుడ్లు నాకొద్దు. నేనొచ్చి పిండుతా, ఆటికోసం. నేను పిండినాటిలో ఒక్క చుక్క నీ క్యాన్లోకి పోదు. మంచి పాలు వీధికి. చెడిన పాలు నేలకు. ఇష్టముంటే గేటు తీ, లేదంటే ఆటి అరుపులు ఇంటా పడుకో.”

“నా ఎనుములు, నా మేత! ఊరికి పంచుతావా నువ్వు?”

“పంచుతా.”

అతడు తిట్టుకుంటూ వెళ్లిపోయాడు. కానీ తెల్లవారేసరికి షెడ్డు గేటు బార్లా తెరిచి ఉంది. తెరిచింది అలీయే.

ఆ ఉదయం నేనూ బిందె తీసుకుని పోయాను. వీధి వీధంతా పోయింది. ఖాతూన్‌బీ ముందు చుక్క దగ్గరికి పోయి డొక్క మీద చెయ్యి వేసింది. ఆ ఎనుము అరుపు మాని, ఒళ్లంతా ఒకసారి వణికి, మెడ తిప్పి ఆమె భుజం వాసన చూసింది. వేడినీళ్ల గుడ్డతో పొదుగుకు కాపడం పెట్టి, చాలాసేపు నిమిరి పిండింది. మొదట గడ్డలు వచ్చాయి, తర్వాత నెత్తుటి చార. దాన్నంతా సిమెంటు గచ్చు మీద ధారగా వదిలింది. అలీ రెండడుగుల దూరంలో ఖాళీ క్యాన్ల పక్కన ఉన్నాడు.

“యాడికీ పోవద్దు. నిలబడి చూడు” అంది తల ఎత్తకుండానే.

అతడు నిలబడ్డాడు. పాలు కాలవ కట్టి అతని చెప్పుల కిందికి పారాయి. జబ్బు లేని ఎనుములు ఇచ్చిన పాలు ఒక్కో బిందెలోకి, ఒక్కో తపేలాలోకి నురగతో నిండాయి. మా వంతు నింపేటప్పుడు ఆమె ముఖం చూశాను. అంత కఠినమైన సంతోషం నేను మళ్లీ ఎవరి ముఖంలోనూ చూడలేదు. ఆ పూట మా వీధిలో ప్రతి ఇంట్లో పాలు పొంగిన వాసన. ఎన్నో ఏళ్ల తర్వాత మా ఇంట్లో మళ్లీ పెరుగు తోడేశాం.

పొదుగులు మెత్తబడేదాకా రెండు పూటలా అదే తంతు. ఈలోగా ప్రొద్దుటూరు అంగళ్లవాళ్లు వేరేవాళ్ల దగ్గర పాలు కుదుర్చుకున్నారు. నయీం వేరే పని చూసుకుని పోయాడు. అలీ మందను అమ్మకానికి పెట్టాడు. వాటిని తెచ్చిన పులివెందుల బేరగాడే మళ్లీ లారీ తెచ్చాడు.

చుక్కను అడుగు అత్తా అని తస్లీమా బతిమాలింది. నేను కూడా అన్నాను. “అలీ ఇచ్చాడేమో. ఒక్క మాట అడిగితే ఏం పోతాది?”

“పగోని ముందర చెయ్యి చాపమంటారా?” అంది ఖాతూన్‌బీ. అడగలేదు. అలీ కూడా ఆమె అడుగుతుందని చూశాడని నా అనుమానం. లారీ ఎక్కించేటప్పుడు చుక్కను కావాలనే చివరిదాకా ఉంచాడు. ఆమె అరుగు మీద, అతడు గేటు దగ్గర. లారీకి ఆనించిన పలక మీదికి ఎక్కనని చుక్క మొరాయిస్తే నలుగురు తోసి ఎక్కించారు. లారీ ఎర్రగుంట్ల రోడ్డు మళ్లేదాకా దాని అరుపు వినిపిస్తూనే ఉంది. ఖాతూన్‌బీ అప్పుడు లోపలికి పోయి, చెంబెడు నీళ్లు తాగి, గోడకు ఆనుకుని కూర్చుంది. గెలిచినావక్కా అని ఎవరో అంటే, “ఆ, గెలిచినా” అంది.

ఇప్పుడు మా వీధిలో ఒక్క ఎనుమూ లేదు. షెడ్డులో సిమెంటు మూటలు పెట్టారు. పొద్దున అంగడికి ప్యాకెట్ పాలు వస్తాయి, మేమూ అవే తాగుతాం. ఖాతూన్‌బీ మాత్రం తాగదు. నల్ల టీ తాగుతుంది. అలీ మళ్లీ కువైట్ పోయి లారీ తోలుకుంటున్నాడు.

మొన్నామధ్య ఆనందమ్మ ఒక సంకరజాతి ఆవును కొంది. మొదటి ఈత, చన్ను ముట్టనివ్వడం లేదని ఖాతూన్‌బీని పిలిచింది. నేనూ, తస్లీమా కూడా వెంట వెళ్లాం. ఆమె దాని డొక్క మీద చెయ్యి వేసి ఉండగా కువైట్ నుంచి ఫరూఖ్ ఫోన్ చేశాడు. తస్లీమా స్పీకర్ పెట్టింది.

“అమ్మా, ఈడ అలీ భాయ్ కలిసినాడు. ఒక రూములోనే ఉండాం ఇప్పుడు. నీకు సలాం చెప్పమన్యాడు. శానా చిక్కిపోయినాడు మా.”

ఖాతూన్‌బీ చెయ్యి ఆవు డొక్క మీదనే ఉంది. ఆనందమ్మ నా వైపు చూసింది.

“తిన్యాడా వాడు?” అంది ఖాతూన్‌బీ.

“తిన్యాడు. పక్కనే ఉండాడు. ఏం చెప్పమంటావు?”

“మీ అమ్మ సలాం తీసుకోలేదని చెప్పు” అంది. అని, ఆవు పక్కన గొంతుక్కూర్చుని, పొదుగు నీళ్లతో కడగడం మొదలుపెట్టింది.